పైపుకు అవతలి కొస

ఆ పేటలో సూటి మేస్త్రి అంటే తెలియనివారు లేరు. అసలు పేరు వాడకం లేక ఎప్పుడో తుప్పు పట్టిపోయింది. వెల్డింగ్ వేడికి ఇనుము లాక్కుపోయి ఎంతో కొంత వంకర తిరగడం సహజం. ఆయన చేతి కింద మాత్రం గీత గీసినట్టు నిలబడేది. అందుకే ఆ పేరు. పెట్టినవాళ్ళు మెచ్చుకుని పెట్టారో వెటకారానికి పెట్టారో గాని, ఆయన దాన్ని బిరుదుగానే పుచ్చుకున్నాడు.

ఆయన చేసిన పనులు చెప్పుకుంటూ పోతే పొద్దు గూకుతుంది. అయినా చెప్పుకోవలసినవి చెప్పుకోవాలి. బడి ముందున్న పెద్ద గేటు ఆయనది. గాలివానకు పక్క గోడ కూలిపోయింది గాని గేటు మాత్రం, నాకేం తెలియదన్నట్టు, నిలువునా నిలబడే ఉంది. రైలు స్టేషను దగ్గరి నీళ్ళ టాంకు కాళ్ళు ఆయనవి. ఆసుపత్రి మెట్ల పక్కన పట్టుకుని ఎక్కే గొట్టం ఆయనదే. ఎన్ని ముసలి చేతులు రాసుకుని అది అంత నునుపు తేలిందో. ఏటి మీది నడకవంతెనకు అటూ ఇటూ కమ్మీలు ఆయనవి. ఆ వంతెన కట్టించినాయన అడుగు కమ్మీ గాడిలో ఒక గోళీ వదిలితే, అది ఎక్కడా తడబడకుండా ఆ ఒడ్డుదాకా దొర్లుకుంటూ వెళ్ళిందట. ఈ గోళీ కథ మేస్త్రి చెప్పినప్పుడల్లా వంతెన కాస్త పొడుగయ్యేది.

అలా పొడుగయినప్పుడల్లా వెనకనుంచి ఒక గొంతు దాన్ని మళ్ళీ కురచ చేసేది.

"నిన్న చెప్పినప్పుడు ఏరు ఇంత వెడల్పు లేదే."

ఆ గొంతు ఆయన భార్యది. వింటున్నవాళ్ళు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు, వెనక్కి తల తిప్పకుండానే.

ఆమెను పేటంతా అక్క అనేది, ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా. అందుకు కారణం ఆమె తమ్ముడు. మేస్త్రి షెడ్డుకు ఆనుకుని ఉన్న షెడ్డులో లేతు మిషను నడిపేవాడు. పొద్దస్తమానం గోడ అవతలనుంచి "అక్కా, అక్కా" అని వాడు కేకలేస్తుంటే వినీ వినీ అందరికీ అదే పిలుపు పట్టుబడిపోయింది.

షెడ్డులో అక్క చేసే పనేమిటంటే, పైకి చూసేవాళ్ళకు ఏ పనీ లేదు. పైపుకు ఈ కొసన మేస్త్రి దిమ్మ మీద కూర్చుని ముసుగు దించేవాడు. అవతలి కొసన అక్క చిన్న చెక్కపీట వేసుకుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను పైపు పొడవునా ఆనించి చూస్తూ ఉండేది. చేతిలో మూతి అరిగిపోయిన చిన్న పానా. ముసుగు నల్లద్దంలోంచి చూసేవాడికి కరుగుతున్న చుక్క తప్ప మరొకటి కనబడదు. ఇనుము ఎటు లాక్కుపోతోందో వాడికి తెలియదు. పైపు వెంట్రుకవాసి కదిలితే చాలు, అక్క పానాతో పైపు మీద ఒక్కసారి తట్టేది. టింగ్ మని ఆ అదురు తొడుగులోంచి మేస్త్రి చేతికి అందేది. చెయ్యి అక్కడికక్కడే ఆగేది. చల్లారేదాకా ఊరుకునేవాడు, లేదా మరో చోటికి మారేవాడు. ఇక మొదలుపెట్టవచ్చని తోచినప్పుడు అక్క రెండుసార్లు తట్టేది. అసలు తట్టకపోతే అంతా బాగుందని, సాగించమని.

ఈ పద్ధతి వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తల్లో ఒకనాడు సాయానికి మనిషి రాకపోతే, కాసేపు కూర్చోమని ఆయన పీట వేశాడు. కాసేపని కూర్చున్న మనిషి జీవితమంతా కూర్చుంది.

ఇంట్లో మాటలు లేని రోజుల్లో కూడా షెడ్డులో తట్టడం మానలేదు. కాకపోతే కోపం ఉన్న రోజున ఆ తట్టు కాస్త గట్టిగా పడేది. మేస్త్రి ముసుగు లోపలే "ఇంకా తగ్గలేదన్నమాట" అనుకునేవాడు. గోడ అవతల తమ్ముడు కూడా లేతు ఆపి, చెవి ఒగ్గి, ఈ పూట బావ ఇంటికి భోజనానికి వెళ్ళడం క్షేమమా కాదా అన్నది ఆ చప్పుడును బట్టే తేల్చుకునేవాడు.

ఇంత ఉన్నా, మేస్త్రి ఎక్కడ తన పనులు ఏకరువు పెట్టినా "నేను చేశా" అనే అనేవాడు. అందులో దురుద్దేశమేమీ లేదు. కళ్ళజోడు పెట్టుకుని చదివినవాడు నేను చదివాననే అంటాడు గాని కళ్ళజోడు చదివిందని అనడు కదా. అక్క కూడా ఎన్నడూ ఆ మాట పట్టుకోలేదు. ఏటి వెడల్పు దగ్గర తప్ప ఆమెకు ఆయనతో పేచీ లేదు.

అలాంటి అక్క పోయింది. జ్వరమని పడుకుంది. మర్నాటికి ఊపిరి అందలేదు. ఆసుపత్రికి తీసుకువెళితే, ఎత్తుకుంటామన్నా వినకుండా, మెట్ల పక్కనున్న ఆ గొట్టం పట్టుకుని తన కాళ్ళ మీదే ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగి, ఒక కన్ను మూసి గొట్టం పొడవునా చూసి, "బాగానే ఉంది" అంది. దిగడం మాత్రం ఆ గొట్టం పట్టుకుని దిగలేదు.

తరవాత మేస్త్రి రోజూ షెడ్డు తలుపు ఎత్తేవాడు. లోపల కూర్చునేవాడు. మిషను ముట్టించేవాడు కాదు. ఎవరైనా పని పట్టుకొస్తే చెయ్యి బాగాలేదని చెప్పి పంపేసేవాడు. చేతికి ఏమైందని అడిగితే ఆ చేతినే తిప్పి తిప్పి చూసుకునేవాడు. బావమరిది రోజూ టీ తెచ్చి ఇచ్చి, లేతు మీద చిన్న పనులేవో చెబుతున్నట్టు చెబుతూ మెల్లగా పనిలోకి దింపాలని చూశాడు. ఈయన టీ తాగేవాడు, మాట దాటేసేవాడు. చెక్కపీట మాత్రం గోడవార ఎక్కడుండేదో అక్కడే ఉంది. దాని మీద పానా. షెడ్డు ఊడ్చినప్పుడు మేస్త్రి ఆ పీట చుట్టూ ఊడ్చేవాడు గాని పీట కదిపేవాడు కాదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం కూతురి జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది.

కూతురు పశువుల డాక్టరు. కొండ మీది పల్లెలకు ఆ జీపు వేసుకుని తనే వెళ్ళివస్తుంది. అక్కడికి రోడ్డని చెప్పుకోదగ్గది లేదు; నీళ్ళు కోసిన దారీ, దాన్నిండా బండరాళ్ళూను. దిగీ దిగగానే నవ్వుతూనే చెప్పింది. ముందుచక్రం కింద రాయి దొర్లిందట. జీపు ఆ రాయి మీద పొట్ట ఆనించి కూర్చుందట. తలుపు కిందిభాగం మడతపడి తలుపు బిగుసుకుపోతే కిటికీలోంచి దూరి బయటపడిందట. "పిల్లి దూరినట్టు దూరాను నాన్నా, నువ్వు చూడాల్సింది" అంది.

మేస్త్రి నవ్వలేదు. వంగి, తలుపు కింద నలిగిన రేకును ఈ చివరనుంచి ఆ చివరదాకా చేత్తో తడిమాడు. రేకు నలిగిన చోట పదునుగా లేచి ఉంది. వేలు తెగింది. చూసుకోలేదు.

"ఇంకాస్త పైకి వచ్చుంటే?" అన్నాడు.

"రాలేదు కదా."

"వచ్చుంటే అంటున్నా."

ఆమె మాట మార్చింది. ఇలాంటి బండ్లకు రెండు పక్కలా స్లైడర్లని బిగిస్తారనీ, పట్నంలో తయారుగా దొరుకుతాయనీ, తెప్పించుకుంటాననీ చెప్పింది. వానలు పడితే పైనున్న గొడ్లకు గిట్టల జబ్బు మొదలవుతుంది, ఆ లోపల ఒక చుట్టు తిరిగి అందరి గొడ్లకూ సూదులు వేసి రావాలి. అందుకే తొందర.

స్లైడర్ అంటే ఏమిటో మేస్త్రికి ఒకరు చెప్పనక్కర్లేదు. తలుపుల కింద, బండి పొడవునా ఒక దళసరి పైపు. ఆ పైపునుంచి లోపలికి నాలుగు పొట్టి కాళ్ళు. ఆ కాళ్ళు బండి అడుగున ఉండే ఛాసిస్‌కు బిగుస్తాయి. బండి రాయి మీద పడితే బరువంతా పైపు మీద పడుతుంది. రేకు నలగదు, బండి రాయి మీదనుంచి జారి ముందుకు పోతుంది. మాట తేలికే. పైపు తిన్నగా లేకపోతే మాత్రం కాళ్ళు ఛాసిస్‌కు సరిగా కూర్చోవు. కూర్చోని కాలు మొదటి దెబ్బకే ఊడుతుంది.

"మనిషికి పక్కటెముకలు లోపలుంటాయి, బండికి బయట పెట్టాలి, అంతేగా. నా కూతురి బండికి బజారు ఎముకలా? నేను చేస్తా," అన్నాడు.

కూతురు ఆయన మొహంలోకి చూసింది. ఆ మాట కోసమే ఇంత దూరం వచ్చిందో, నిజంగా పట్నంనుంచి తెప్పించుకుందామనే అనుకుందో ఎవరికి తెలుసు. సరేనంది.

గోడ అవతలనుంచి బావమరిది వచ్చాడు. మేనకోడలి జీపు చుట్టూ తిరిగి, నలిగిన రేకు చూసి, నాలుక చప్పరించి, "బావా, నా షెడ్డులో ఆ పాత ఇనప దూలం పడి ఉంది. పైపును దానికి బిగించి చెయ్యి. ఒక్కడివీ చేసేటప్పుడు అదే మంచిది" అన్నాడు.

మేస్త్రికి ఎక్కడో తగిలింది. దూలానికి బిగించి వెల్డింగ్ చెయ్యడాన్ని ఆయన జీవితమంతా వెక్కిరించాడు. పేటలో మిగతా వెల్డింగ్ వాళ్ళందరూ చేసేది అదే మరి.

"పారిపోతుందని దొంగను కట్టేసినట్టు కట్టేసి చేస్తే అదేం పనిరా? నా పైపు ఎప్పుడైనా పారిపోయిందా?"

బావమరిది గోడవారనున్న పీట వంక చూసి వెళ్ళిపోయాడు.

పని మొదలయింది. మేస్త్రి జీపు కింద వెల్లకిలా పడుకుని అట్టముక్కలు కత్తిరించి ఛాసిస్ కొలతలు తీశాడు. పైపు తెప్పించాడు. కాళ్ళ మొనలు పైపు ఒంపుకు అతుక్కునేలా చేపనోరులా కోసి, గ్రైండర్‌తో నోరు నునుపు చేశాడు. ఒక్కొక్క కాలూ పైపు మీద ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులోంచి వెలుతురు రాలేదు. ఆ మూడు నాలుగు రోజులూ ఆయన మనిషిలా ఉన్నాడు. చాలా కాలానికి షెడ్డులోంచి చప్పుళ్ళు వినబడుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి పలకరించారు. ఒకరెవరో కొత్తగా వచ్చినాయన వంతెన గురించి అడిగితే గోళీ కథ కూడా మొదలుపెట్టాడు. గోళీ నడి ఏటికి వచ్చేసరికి ఎందుకో కథ ఆపేసి, పనుందని లోపలికి వెళ్ళిపోయాడు.

ఒక ఉదయం కాళ్ళు నాలుగూ పైపుకు ఊడిపోకుండా ముందుగా వెల్డింగ్ చుక్కలు పెట్టి నిలబెట్టి, ముసుగు దించాడు.

మొదటి కాలు చుట్టూ వెల్డింగ్ కడ్డీ నడిపాడు. మిషను గుర్రుమంది. అద్దంలో చుక్క కరిగి, మెరిసి, వెనక వెనకే గట్టిపడుతోంది. ఎన్ని నెలలయిందో, చెయ్యి మరిచిపోలేదు. రెండో కాలికి మారాడు. తట్టు పడలేదు. సాగించాడు. మూడోది. పడలేదు. ఇనుము ఇంత మాట విన్న రోజు తన అనుభవంలో లేదనుకున్నాడు. ఎప్పుడూ ఇలాంటి పనికి నాలుగైదు సార్లయినా ఆగక తప్పేది కాదు. చెయ్యి బాగాలేదని అందరికీ చెప్పాడు గాని, ఈ చేతికేమయింది? బాగయింది కూడా. నాలుగో కాలు దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా తేలికయి, ముసుగులో తనలో తను నవ్వుకుంటున్నాడు. కడ్డీ చివరిదాకా లాగి, తెంపి, ముసుగు పైకెత్తాడు.

"చూశావా, ఒక్కసారన్నా ఆపావా?" అన్నాడు.

అన్నది పైపుకు అవతలి కొసవైపు చూసి.

అక్కడ ఎవరూ లేరు. వెలుతురులో పొగ మాత్రం తిరుగుతోంది. పీట గోడవారనే ఉంది.

ఆ తరవాత పైపును చూశాడు. వెల్డింగ్ అంతా ఒకే పక్కన, ఆపకుండా పడేసరికి పైపు రెండు కొసలూ లోపలికి లాక్కుపోయాయి. దూరంనుంచి చూసినా తెలుస్తోంది. విల్లులా వంగింది. సూటి మేస్త్రి చేతి కింద అంత వంకర ఎన్నడూ పుట్టలేదు.

గోడ అవతల లేతు ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో ఆయన గమనించలేదు. బావమరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"తట్టు వినబడలేదు బావా. అందుకని వచ్చా," అన్నాడు.

మేస్త్రి పైపు మీదనుంచి చూపు తిప్పలేదు. "వినబడకపోతే సాగించమనే కదరా," అన్నాడు.

"అవును. అంతే."

బావమరిది వెళ్ళి లేతు వేశాడు గాని, దాని మీద ఏ పనీ లేదు, ఉత్తినే తిరిగింది.

వంగిన ఇనుమును మళ్ళీ వేడితోనే లాగవచ్చు. రెండో పక్కన అక్కడక్కడ ఎర్రగా కాల్చి వదిలితే, చల్లారుతూ వెనక్కి లాక్కుంటుంది. మేస్త్రి గ్యాసు మంటతో ఆ పనికి దిగాడు. ఈ కొసన కాల్చడం, లేచి ఆ కొసకు వెళ్ళి చూడడం, మళ్ళీ వచ్చి కాల్చడం. ఆయన వెళ్ళి చూసేలోపల పైపు దాని దారిన అది కదిలిపోయేది. ఎక్కువయిందని ఈ పక్క కాలిస్తే మధ్యలో మరో ఒంపు తిరిగింది. షెడ్డులో ఆ కొసకూ ఈ కొసకూ తిరిగీ తిరిగీ ఆయనకు ఆయాసం వచ్చింది. ఒక మనిషి ఒకేసారి రెండు చోట్ల కూర్చోలేడు. చివరికి గ్యాసు కట్టేసి, పైపు మీద పట్టా కప్పేశాడు.

కూతురు సాయంత్రం వచ్చి పట్టా ఎత్తి చూసింది. తండ్రి మొహం చూసింది. గోడవారనుంచి పీట తెచ్చి పైపుకు అవతలి కొసన వేసి కూర్చుంది. పానా చేతిలోకి తీసుకుంది. మేస్త్రి ఆ వంగిన పైపుకే ఒక పనికిరాని ముక్క పెట్టి ముసుగు దించాడు.

తట్టు పడింది. ఆలస్యంగా పడింది. ఇంకోసారి మరీ తొందరగా పడింది. ఆ పిల్ల తప్పు కాదు. చిన్నప్పుడు బడినుంచి వచ్చి, అమ్మ పక్కన చేరి బొమ్మలు గీసుకుందే గాని పైపు వంక చూసింది కాదు.

"ఏం చూడాలో చెప్పు నాన్నా. నేర్చుకుంటా."

మేస్త్రి ముసుగు తీసి కింద పెట్టాడు. ఏం చూడాలో ఆయనకు తెలియదు. ఆ కొసన ఆయన ఎన్నడూ కూర్చోలేదు.

"మీ అమ్మకి తెలుసమ్మా. నాకేం తెలుసు."

"పోనీ నువ్వే కూర్చుని చూడు. చూసి చెప్పు."

ఆయన ముందు ఒప్పుకోలేదు. తరవాత లేచి వెళ్ళి, కూతురు ఖాళీ చేసిన పీట మీద మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. పీట చాలా పొట్టిది. దాని మీద ఇన్నేళ్ళు ఎలా కూర్చుందో. కొత్త పైపు ఒకటి, జీపు రెండో పక్కకని తెచ్చినది, దిమ్మల మీద ఉంది. ఒక కన్ను మూసి, రెండో కన్ను దాని పొడవునా ఆనించాడు.

పైపు మీద వెలుతురు సన్నని దారంలా సాగిపోయింది. దాని వెంట చూపు సాగి సాగి, ఆ చివర ఆగవలసిన చోట ఆగింది. అక్కడ ఆయన ముసుగు ఉంది. ముసుగు వెనక ఆయన కూర్చునే దిమ్మ. పైపు చూడాలని ఇక్కడ కూర్చున్నవాళ్ళకు ఆ చివర ఆయన కనబడక తప్పదు. కన్ను అటు తప్ప ఇంకెటూ పోదు.

ఆయన జీవితమంతా చూసింది కరిగే చుక్కను. ఆమె చూసింది ఇది.

భుజం మీద నిప్పురవ్వ పడి చొక్కా కాలితే, ఆయనకు తెలిసేలోపలే సాయంత్రానికి అక్కడ కుట్టు పడి ఉండేది. నడుం పట్టేస్తోందని తను అనుకోకముందే మర్నాడు దిమ్మ మీద పాత దుప్పటి మడత పెట్టి ఉండేది. నీకెలా తెలుసే అని అడిగితే, కళ్ళున్నాయిగా అనేది. పెద్దగా పట్టించుకోలేదు అప్పుడు. వెళ్ళి గేటు గురించి ఎవరికో చెప్పుకున్నాడు.

"ఏం కనబడుతోంది నాన్నా?" కూతురు అడిగింది.

ఆయన లేవలేదు. మూసిన కన్ను మూసినట్టే ఉంది. తెరిచిన కంటినుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేను కూర్చునే చోటు కనబడుతోంది," అన్నాడు.

కూతురు పైపు మీద చెయ్యి వేసి నిలబడింది. నేర్పమని మళ్ళీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి గోడ చుట్టూ తిరిగి బావమరిది షెడ్డులోకి వెళ్ళాడు. వెళ్ళి చాలాకాలమయింది. దూలం కావాలన్నాడు.

వాడు వేళాకోళం చేయకుండా ఉండలేని మనిషి. "దొంగను కట్టేద్దామంటావా?" అన్నాడు.

"కట్టేద్దాం రా. కాపలా మనిషి లేదుగా," అన్నాడు మేస్త్రి.

వాడు చేతిలో ఉన్న నూనెగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. మొహమంతా నల్లగా అయింది. ఇద్దరూ కలిసి దూలాన్ని దొర్లించుకుంటూ ఈ షెడ్డులోకి తెచ్చారు.

వంగిన పైపు పక్కన పెట్టి కొత్తది తెప్పించాడు. రెండు పక్కల పైపులూ దూలానికి అటొకటి ఇటొకటి వీపులు ఆనించి, కదలకుండా బిగించాడు. పేటలో అందరూ చేసినట్టే చేశాడు. కాస్త వేసి ఆగడం, ఇటునుంచి అటు మారడం, చెయ్యి పెట్టి వేడి చూసుకుని మళ్ళీ వెయ్యడం. మెల్లగా సాగింది. పేటలో వెల్డింగ్ కుర్రాళ్ళు ఒకరిద్దరు గుమ్మంలోంచి తొంగి చూశారు. సూటి మేస్త్రి పైపును దూలానికి కట్టాడన్న మాట సాయంత్రానికల్లా వీధి చివరిదాకా వెళ్ళిపోయే ఉంటుంది. ఆయన తల ఎత్తి చూడలేదు.

బిగింపులు విప్పినప్పుడు రెండూ తిన్నగానే వచ్చాయి. బావమరిది దారం పట్టి చూసి బాగుందన్నాడు. కూతురు బ్రహ్మాండమంది. మేస్త్రి పీట మీద కూర్చుని చూసి, "మధ్యలో కాస్త ఒంపు ఉంది. మీ అమ్మయితే ఇంకో రెండుసార్లు ఆపేది," అన్నాడు. అది వాళ్ళిద్దరికీ కనబడలేదు.

బండికి బలం సరిపోతుంది. కాళ్ళు ఊడవు. అది ఆయనకు తెలుసు. తను చేసిన పనుల్లో ఇది చెప్పుకోదగ్గది కాదని కూడా తెలుసు.

నల్లరంగు వేసి ఆరాక జీపుకు బిగించారు. మేస్త్రి కింద పడుకుని బోల్టులు బిగిస్తుంటే, కూతురు ఇంకో పానా పట్టుకుని పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అందిస్తోంది. బావమరిది గుమ్మంలో నిలబడి, అలా కాదు ఇలా అని ఎవరూ అడగని సలహాలు ఇస్తున్నాడు. ఒక పక్క అయిపోయింది. రెండో పక్క సగమయ్యాక, కూతురు మరో బోల్టు కోసం తిరగబోతే చేతిలోని పానా జారి స్లైడర్ మీద పడింది.

టింగ్.

జీపు కింద మేస్త్రి చెయ్యి ఆగిపోయింది.

కూతురు బోల్టు కిందికి చాపింది. ఆయన అందుకోలేదు. "నాన్నా?" అంది. వంగి చూస్తే, ఆయన వెల్లకిలా పడుకుని, చేతిలో పానా పైకెత్తి పట్టుకుని, కళ్ళు తెరుచుకుని అలాగే ఉన్నాడు. దెబ్బ తగిలిందా అని ఆమె కంగారు పడింది. గుమ్మంలోంచి బావమరిది చెయ్యెత్తి, ఊరుకోమన్నట్టు చూశాడు. వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. బావమరిది రెండడుగులు ముందుకు వేశాడు. స్లైడర్ అవతలి కొసన వంగి, తట్టబోయినట్టు వేళ్ళు మడిచాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కొంతసేపటికి జీపు కిందనుంచి రెండు తట్లు వినిపించాయి. మేస్త్రే తన పానాతో తట్టాడు. నెమ్మదిగా, ఒకదాని తరవాత ఒకటి.

తరవాత బోల్టు బిగుస్తున్న చప్పుడు మొదలయింది.

వానలకు ముందే కూతురు కొండెక్కింది. తిరిగివచ్చినప్పుడు స్లైడర్ల నల్లరంగు చెక్కుకుపోయి, పొడవునా రాయి గీసిన గీతలున్నాయి. పైనున్న రేకుకు చిన్న సొట్ట కూడా లేదు. తలుపు మామూలుగా తెరుచుకుని దిగింది. మేస్త్రి వంగి ఆ గీతలు తడిమి చూసి, సరే అన్నట్టు తలాడించి, రంగు డబ్బా తెమ్మన్నాడు.

ఇప్పుడు షెడ్డు నడుస్తోంది. పనులు వస్తున్నాయి. దూలం అక్కడే స్థిరపడిపోయింది. వంగిన ఆ మొదటి పైపును ముక్కలు చేసి వాడుకోవచ్చుగా అని బావమరిది అంటే వినలేదు. గోడకు తగిలించి ఉంచాడు, పీటకు పైన. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి, మీ షెడ్డులో ఈ వంకర ఏమిటని అడుగుతారు. నాదే అంటాడు, అంతకుమించి చెప్పడు.

అడిగినవాళ్ళకు గేటు గురించీ, నీళ్ళ టాంకు గురించీ, ఆసుపత్రి గొట్టం గురించీ చెబుతూనే ఉన్నాడు. గోళీ కథ కూడా చెబుతాడు. వంతెన దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆగి, ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసి, ఏరు ఎంత వెడల్పు ఉందో అంతే చెబుతాడు. గోళీ తొందరగా ఆ ఒడ్డుకు చేరిపోతుంది. విన్నవాళ్ళు బాగుందని వెళ్ళిపోతారు. ఎవరూ నవ్వరు.